ఉత్తరపు గోడకి సిమెంటు

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ దానియేలు గారు కాఫీ కప్పు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. డిసెంబర్ పద్నాలుగున సెమీ క్రిస్మస్. ఆ రోజే పాత అమెరికన్ సంఘంవాళ్ళు చర్చి మన పేరున రాస్తారు. సంతకాలు, తాళంచెవి, బిర్యానీ అన్నీ ఆ రోజే. వచ్చినవాళ్ళకి పంచడానికి చర్చి చరిత్ర ఒక ఎనిమిది పేజీల పుస్తకంగా కావాలట. మీరు సివిల్ కదా సిస్టర్, అన్నారు.

సివిల్! పదకొండేళ్ళ తర్వాత ఎవరో ఆ మాట నాకు వాడారు. ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-4 వీసా మీద ఈ దేశంలో దిగిన రోజు నుంచి నేను జయరాజ్ గారి మిసెస్‌ని, కెజియా వాళ్ళ మమ్మీని, ఆదివారం పులిహోర తెచ్చే సిస్టర్‌ని. వెంటనే ఒప్పేసుకున్నాను. ఇంటికొచ్చి సంతోషం పట్టలేక డిష్‌వాషర్ ఉండగా గిన్నెలు చేత్తో తోమాను. ఇంత చిన్నదానికి అంత సంతోషమా... నా మీద నాకే చిరాకు.

నవంబర్ 11, మంగళవారం

మార్గరెట్ ఇంటికి వెళ్ళాను. ఎనభై ఒకటి. ఈ చర్చిలోనే బాప్తిస్మం, ఈ చర్చిలోనే పెళ్ళి. పెద్ద తలుపుకి ఒకటే తాళంచెవి, జానెడు పొడుగు ఇనుపది, అది ఆవిడ దగ్గరే ఉంటుంది. వాళ్ళ సంఘంలో పదకొండు మంది మిగిలారు. తొమ్మిదింటికి వాళ్ళ ఆరాధన, పదకొండింటికి మాది, నాలుగేళ్ళుగా ఇలాగే. ఇక చూసుకునే ఓపిక లేదు, మీరే ఉంచుకోండి అని వాళ్ళే అన్నారు.

అట్టపెట్టె నిండా కాగితాలు. ఇంగ్లండ్‌లో ఏదో చిన్న పల్లె... ఆరు వందల ఏళ్ళ నాటి చర్చి. పల్లె ఖాళీ అయిపోయింది. కప్పులో చెట్లు మొలిచాయి. వందేళ్ళ కిందట కార్లకి స్ప్రింగులు చేసే డిట్రాయిట్ ఆసామి ఒకడు అటు వెళ్ళి, చూసి, మనసు పారేసుకున్నాడు. ప్రతి రాయి వెనకా ఎర్ర రంగుతో నంబరు వేయించి, గడ్డిలో చుట్టించి, ఓడలో తెప్పించి ఇక్కడ మొక్కజొన్న చేల మధ్య మళ్ళీ నిలబెట్టించాడు. నంబర్ల పటం కూడా ఉంది. ఒక్కో రాయికి ఒక గడి, గడిలో అంకె. గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

నవంబర్ 14, శుక్రవారం

పుస్తకం కోసం చర్చి కొలతలు మొదలు. మార్గరెట్ తలుపు తీసి, వెనక బెంచీలో ఊలు అల్లుకుంటూ కూర్చుంటుంది. టేపు, పెన్సిలు, నేను. లోపల బయటికన్నా చలి.

కప్పు కింద నిలబడి పైకి చూస్తే బోర్లించిన పడవలో ఉన్నట్టు ఉంటుంది. నరసాపురంలో గట్టు మీద బోర్లించిన పడవల కింద దాక్కునేవాళ్ళం. అవే పక్కటెముకలు, అదే చీకటి. ఆర్చీలు సూదిగా ఉండేది అందం కోసం అనుకునేదాన్ని నిన్నటి దాకా. కాదు. గుండ్రటి ఆర్చి బరువుని పక్కలకి ఎక్కువ నెడుతుంది, సూది ఆర్చి చాలావరకు కిందికి దింపేస్తుంది. అయినా మిగిలే తోపుడుకి బయట బట్రెస్‌లు, గోడకి భుజం పట్టే రాతి దిమ్మెలు. ఏ కాలేజీలో చదివారో ఆ మేస్త్రీలు.

నాన్న చూసి ఉంటే ఒక్కో రాయినీ చేత్తో తట్టి చూసేవాడు.

నవంబర్ 15, శనివారం

రొట్టె, ద్రాక్షరసం ఉంచే బల్లకి ఎడమ పక్క, ఉత్తరపు గోడలో, ఏటవాలుగా ఒక సన్నటి కంత. ఇన్నాళ్ళూ గాలి కోసం అనుకున్నాను. ఇప్పుడు చిన్న గాజు బిగించి ఉంది. బయటి నుంచి వంగి చూస్తే ప్రభువు బల్ల, దాని పక్కన మా పాటల బృందం నిలబడే చోటు కనిపిస్తాయి.

మార్గరెట్ చెప్పింది. ఆ రోజుల్లో ఆ గోడకి ఆనించి ఒక గది ఉండేదట. ఒకావిడ ప్రార్థన కోసమని తనంతట తాను లోపలికి వెళ్ళి తలుపు మూయించుకుంది. మూసే ముందు చావు ప్రార్థన కూడా చదివేవారట. చచ్చేదాకా ఆ కంతలోంచి బల్లని చూస్తూ బతికింది. స్ప్రింగుల ఆసామి ఆ గది రాళ్ళకి నంబర్లు వేయించలేదు. మొరటుగా ఉందని వదిలేశాడు. ఇప్పుడు కంతకి అవతల మా పార్కింగ్ లాట్.

ఆవిడ కిటికీ బల్ల వైపు అయినా ఉంది. నా వంటింటి కిటికీ పక్కింటి గరాజ్ వైపు. మా ఆయన కంపెనీ మారగానే నా పని పర్మిట్ కాగితాలు మళ్ళీ మొదటికొచ్చాయి. నేనూ నా అంతట నేనే వచ్చాను కదా, ఎవరూ తొయ్యలేదు.

నవంబర్ 19, బుధవారం

రాయాలా వద్దా అని వంటింట్లో పది సార్లు తిరిగాను. రాస్తాను.

ఉత్తరపు గోడ బయట నాన్న తూకం గుండు వేలాడదీశాను. గోడ నిటారుగా ఉందా అని చూడ్డానికి దారానికి కట్టే ఆ ఇత్తడి గుండు ఇండియా నుంచి సూట్‌కేస్‌లో తెచ్చుకున్నాను, దేనికో నాకే తెలియదు. దారం పైన గోడకి తగులుతోంది, నడుమ గోడే దారాన్ని బయటికి తోస్తోంది, కింద గోడకి దూరంగా వేలాడుతోంది. కంతకి నాలుగడుగుల దూరంలో. రెండు వేళ్ళ మందం ఉబ్బు. అచ్చంగా కడుపు.

దగ్గరికెళ్ళి చూశాను. రాళ్ళ మధ్య సందుల్లో బూడిదరంగు గీతలు, నున్నగా, గట్టిగా. సిమెంటు. మేం పూసిందే. నేను పూయించిందే.

నవంబర్ 20, గురువారం

మూడేళ్ళ క్రితం వేసవి. సందుల్లో పాత సున్నం వేలితో గీస్తే పొడిగా రాలిపోతోందని మార్గరెట్ వాళ్ళు కంగారు పడుతుంటే, మా బ్రదర్స్ శ్రమదానం చేస్తామన్నారు. ఏం వాడాలని నన్ను అడిగారు. మార్గరెట్ అడిగింది, పాతది సున్నం కదా, మళ్ళీ సున్నమే పెట్టాలేమో అని. నేను నవ్వాను. సిమెంటు పెడితే యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదన్నాను. సిమెంటంటే పక్కా, సున్నమంటే పేద. మా ఊళ్ళో మిషనరీల నాటి సున్నపు చర్చి పడగొట్టి స్లాబ్ వేసిన రోజు ఊరంతా స్వీట్లు పంచుకున్నారు. నాన్న మాత్రం రాలేదు.

నాన్న తాపీ మేస్త్రీ. గానుగలో సున్నం తిప్పించి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవాడు. సున్నం ఊపిరి పీలుస్తుందమ్మా అనేవాడు. నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతూ ఆ మాటకి సిగ్గుపడేదాన్ని.

నాన్న చెప్పిందే నిజం. ఈ గోడ రెండు పొరలు, మధ్యలో రాళ్ళముక్కలు, సున్నం. వాన నీళ్ళు లోపలికి పోయినా సున్నపు సందుల్లోంచి ఆవిరైపోయేవి. ఇప్పుడు పైనుంచి పోతున్నాయి, బయటికొచ్చే దారి లేదు, మూసేశాం. చలికాలం లోపలే గడ్డకట్టి ఉబ్బుతున్నాయి. మూడు చలికాలాలు అయ్యాయి. ఇది నాలుగోది.

నవంబర్ 22, శనివారం

మా ఆయనకి చెప్పాను. లాప్‌టాప్ మూసి విన్నారు, అది మంచి గుర్తు కాదు.

గోడ పడుతుందా అన్నారు. పడుతుందని చెప్పలేను, పడదనీ చెప్పలేను అన్నాను. చూపించాలి, తెలిసినవాళ్ళని పిలవాలి, అప్పటిదాకా లోపలికి ఎవరూ వెళ్ళకూడదు.

"హెప్సీ, ఈ మాట ఇంకెవరితోనూ అనకు. రాయనే రాయకు. నువ్వు హెచ్-4. ఇంజనీర్‌గా అడ్వైజ్ ఇచ్చానని నీ చేత్తో నువ్వు రాసిచ్చావంటే, పని చేసినట్టే అంటారు."

నిజంగా అంటారా? ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోవడమే మా ఇంట్లో చట్టం. జీతం లేదు, ఉద్యోగం లేదు, ఒక ఆదివారం పులిహోర గిన్నె పక్కన నిలబడి ఒక మాట అన్నాను. ఆ మాట మాత్రం పని కింద లెక్కట!

నవంబర్ 25, మంగళవారం

ఉత్తరపు గోడకి లోపలి వైపు, కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా దిగుతున్న వెంట్రుక చీలిక. దానికి అడ్డంగా మూడు గాజు పలకలు అంటించాను. కెజియా పాత మైక్రోస్కోప్ సెట్‌లోవి. ఇండియాలో ఉద్యోగంలో ఉండగా బ్రిడ్జీల మీద ఇలాగే చేసేవాళ్ళం. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది, కదిలితే పగులుతుంది.

మార్గరెట్ ఊలు పక్కన పెట్టి చూసింది. ఏమిటని అడగలేదు. కొలతలు అన్నాను నేనే.

నవంబర్ 27

థాంక్స్‌గివింగ్. మంచు. ఆరు అంగుళాలు. అందరూ ఫొటోలు తీస్తున్నారు, నేను చర్చి కప్పు మీద మంచు బరువు లెక్క కడుతున్నాను.

డిసెంబర్ 2, మంగళవారం

నడిమి గాజు పగిలింది.

డిసెంబర్ 3, బుధవారం

పాస్టర్ గారికి చెప్పేశాను. ఆయన వారమంతా కార్ సీట్లు డిజైన్ చేస్తారు. లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో, ఆయన కారులో. హీటర్ చప్పుడు.

ఈ చర్చి దొరక్కముందు స్కూల్ జిమ్‌లో బాస్కెట్‌బాల్ గీతల మీద మోకరించామన్నారు. ఇండియన్ స్టోర్ వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య రొట్టె విరిచామన్నారు. అవి నాకూ గుర్తున్నాయి, ఆ బస్తాల మీదే కెజియా నిద్రపోయేది. "ఈ ఒక్క సెమీ క్రిస్మస్ కానివ్వండి సిస్టర్. తర్వాత మంచి కంపెనీని పిలుద్దాం" అన్నారు. ఎంత బతిమాలుతున్నట్టు అన్నారంటే నాకే జాలేసింది. ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ ఎందుకు అన్నానో ఇంటిదాకా నన్ను నేను తిట్టుకుంటూనే డ్రైవ్ చేశాను.

డిసెంబర్ 6, శనివారం

సున్నాల రోజు. పేరు సున్నాలే, వేసేది డబ్బాలో రంగు. క్రిస్మస్ ముందు గోడలు తెల్లగా లేకపోతే మనకి పండగ వచ్చినట్టు ఉండదు. పన్నెండు మంది బ్రదర్స్, రోలర్లు, సమోసాలు, ఫోన్‌లో పాటలు. బయట సరిపోనట్టు లోపల కూడా గోడకి ఊపిరాడకుండా మూసేస్తున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆపండి అనాల్సింది పోయి సమోసాల ట్రే పట్టుకున్నాను. మా ఆయన నిచ్చెన మీద నుంచి నా వైపు చూశారు, మళ్ళీ గోడ వైపు తిరిగారు.

మధ్యాహ్నం సతీష్ పేపర్ నాప్‌కిన్‌లో ఏదో చుట్టుకుని తెచ్చాడు. వరంగల్ కుర్రాడు, మంచివాడు.

"అక్కా, గోడకి ఎవరో గాజు ముక్కలు అంటిచ్చిన్రు. పిల్లలకి గుచ్చుకుంటయని తీసేసిన."

విప్పి చూశాను. రెండు పగిలి ఉన్నాయి. నువ్వు తీసేటప్పుడు పగిలాయా అని అడిగాను. లేదక్కా, ముందే పగిలున్నయ్, అన్నాడు. చీలిక ఉన్న చోట ఇప్పుడు పాలలా తెల్లటి గోడ. అందరూ మెచ్చుకుంటున్నారు.

డిసెంబర్ 7, ఆదివారం

లోపలికి వెళ్ళలేకపోయాను. కార్లు సర్దుతానని పార్కింగ్‌లోనే ఉండిపోయాను. పాట మొదలైంది. గోడ పక్కకి నడిచి, ఆ కంత దగ్గర వంగి చూశాను. బల్ల. కొవ్వొత్తులు. బల్ల పక్కన పాటల బృందం, చివర్న కెజియా, తెల్ల చున్నీలో, నోరంతా తెరిచి పాడుతోంది. సరిగ్గా ఆ కడుపు కింద.

నేను బయట ఉన్నాను. పిల్లని లోపల పెట్టి నేను బయట నిలబడ్డాను. ఎలాంటి తల్లినో ఇక్కడ రాయను, రాస్తే చెయ్యి ఆగిపోతుంది.

పరిగెత్తాను. పాట మధ్యలో వెళ్ళి మైక్ గోలపెడుతోంది, బయటికి వినిపిస్తోంది, దక్షిణం వైపు జరగండి అన్నాను. జరిగారు. ఖాళీ అయిన చోట ఇంకో వరస కుర్చీలు వేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో చంటిబిడ్డ.

కారులో కెజియా: "మైక్ బానే ఉంది కదా మమ్మీ. ఎందుకు లై చేశావు?"

డిసెంబర్ 8

ఆయన అన్నం తిని లేచారు. నేనూ. వచ్చే ఆదివారం మూడు వందల మంది. చుట్టుపక్కల కాంటన్, ట్రాయ్ ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారట.

డిసెంబర్ 10, బుధవారం

పుస్తకంలో ఎనిమిదో పేజీ ఖాళీగా ఉంది. పాస్టర్ గారు అక్కడ బైబిల్ వాక్యం వేద్దామన్నారు. నేను వేరేది రాశాను.

ఈ చర్చిని ప్రేమించిన ప్రతి ఒక్కరూ దీనికి ఏదో ఒక తప్పు చేశారని రాశాను. వెలుతురు కావాలని ఎవరో తూర్పు కిటికీ పెద్దది చేస్తే గోడ బలహీనపడి రెండు బట్రెస్‌లు కొత్తగా కట్టాల్సి వచ్చింది. గోడల మీది బొమ్మలు తప్పని ఇంకెవరో సున్నం కొట్టి కప్పేశారు. తెచ్చినవాడు ఒక మనిషి బతికిన గదిని వదిలేసి వచ్చాడు. చివర్న:

'మూడేళ్ళ క్రితం మన సంఘం ఉత్తరపు గోడ సందుల్లో సిమెంటు పూసింది. అది తప్పు. గోడ ఉబ్బుతోంది, కదులుతోంది. తెలిసినవాళ్ళు చూసేవరకు లోపల ఎవరూ ఉండకూడదు. సిమెంటు వాడమన్నది హెప్సిబా, సివిల్ ఇంజనీర్.'

పదకొండేళ్ళలో ఆ రెండు మాటలు నా పేరు పక్కన రాసుకోవడం ఇదే మొదటిసారి. ఇలా రాసుకుంటానని అనుకోలేదు.

డిసెంబర్ 12, శుక్రవారం

మా ఆయన ఆ పేజీ చదివారు. నేను స్టవ్ దగ్గర నిలబడి వెనక్కి తిరగలేదు. తాలింపు మాడింది.

"నీ పేరు తీసెయ్. నాది పెట్టు. సిమెంటు కలిపింది నేనే కదా."

ఆ వేసవి ఆయన గ్లవ్స్ లేకుండా కలిపారు. అరచేతులు కాలి వారం రోజులు స్టీరింగ్ పట్టుకోలేకపోయారు. కొబ్బరినూనె రాసింది నేనే. మీరు సివిల్ కాదు కదండీ, అన్నాను. నవ్వొచ్చింది ఇద్దరికీ. తర్వాత ఆయన కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నారు. ఇంతకాలం నన్ను ఆపుతున్నారనుకున్నాను, భయంతో ఆయనా ఇరుక్కుపోయి ఉన్నారు. మరి ఇప్పుడేం చేద్దాం, అన్నారు. ఏం చేస్తావ్ అనలేదు, చేద్దాం, అన్నారు.

ముందు మార్గరెట్‌కి చెప్తానన్నాను.

డిసెంబర్ 13, శనివారం

పొద్దున వెళ్ళాను. ఆ పేజీని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. భూతద్దం పెట్టుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది.

సున్నం కదా అని నేను అడిగాను, నువ్వు నవ్వావు, అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. అవును, నవ్వాను, అన్నాను. ఆ గాజు పలకలు చూసినప్పుడే అనుకున్నానంది. నువ్వే వచ్చి చెప్తావని ఎదురుచూశానంది. ఎదురుచూడటం తన తప్పు అని కూడా అంది.

లేచి, తలుపు పక్కన మేకుకి ఉన్న తాళంచెవి తీసి నా ముందు పెట్టింది. "మా పదకొండు మందికి రావద్దని నేను ఫోన్ చేస్తాను. మీ మూడు వందల మందికి చెప్పాల్సింది నువ్వు. రేపటి నుంచి ఎలాగూ మీదే."

ఇప్పుడు మూడున్నర. మళ్ళీ మంచు మొదలైంది. గరాజ్‌లో మా ఆయన, ఇంకో ఇద్దరు బ్రదర్స్ చికెన్‌కి మసాలా పట్టిస్తున్నారు. ఆయన వాళ్ళకింకా చెప్పలేదు. నేను మొదలుపెడితే వెనకే ఉంటానన్నారు. పాస్టర్ గారు ఫోన్ ఎత్తడం లేదు, రిహార్సల్‌లో ఉన్నారేమో. కెజియా తెల్ల చున్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. తాళంచెవి టేబుల్ మీద, ఈ డైరీ పక్కన. చల్లగా ఉంది ఇంకా.

ఫోన్‌లో సంఘం వాట్సాప్ గ్రూప్ తెరిచాను. పట్టుచీరల ఫొటోలు, పార్కింగ్ మ్యాప్. 'అందరికీ వందనాలు' అని టైప్ చేశాను. మిగతాది రాసేలోపు వేలు తగిలి అంతవరకే వెళ్ళిపోయింది.

వందనాలు అక్కా. వందనాలు సిస్టర్. వందనాలు వందనాలు... వరసగా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడే సతీష్:

"వందనాలు అక్కా. రేపు తలుపులు ఎన్నింటికి తీస్తున్నరు?"